చెరకు దీవుల్లో మనవాళ్లు

పసిఫిక్‌ సముద్రం మధ్యలో మూడొందలకు పైగా దీవులు. జనాభా మాత్రం సంగారెడ్డి జిల్లా అంత కూడా లేదు. అయినా అక్కడ రెడ్డిగార్లున్నారు, నాయుడుగార్లున్నారు, రావుగార్లున్నారు. మారియమ్మ గుడి ఉంది, నిప్పులగుండం ఉంది. ఒక్క తెలుగు మాటే వెతుక్కోవాలి! వందేళ్లు దాటిన ఆ వలస కథే ఇది.

తెల్లాపూర్‌లో ఏ అపార్ట్‌మెంటు లిఫ్టు ఎక్కినా డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లొచ్చినవాళ్లు ఒక్కరైనా కనిపిస్తారు. పిల్లలు అక్కడ, పెద్దలు ఇక్కడ. అక్కణ్నుంచి కాస్త ముందుకెళ్తే రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం. షిఫ్టు వదిలే వేళ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర నిలబడితే భోజ్‌పురి, ఒడియా, హిందీ చెవినపడతాయి. మేస్త్రీ మాట నమ్మి రైలెక్కి వచ్చిన కుర్రాళ్లు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటారు. ఇంటికి డబ్బు పంపుతారు. ఏడాదికోసారి వెళ్లొస్తారు.

చదువుకుని వెళ్లేవాళ్లు ఒకవైపు, కూలికొచ్చేవాళ్లు మరోవైపు. ఈ రెండు వలసలూ ఒకే కుటుంబంలో, మూడు నాలుగు తరాల తేడాతో కనిపించే దేశం ఒకటుంది. ముత్తాత కూలీగా ఓడ దిగాడు. మునిమనవడు కంప్యూటర్‌ ఉద్యోగానికో నర్సు ఉద్యోగానికో విమానం ఎక్కుతున్నాడు. మధ్యలో ఉన్నది నూట ఇరవై ఏళ్ల చెరకు సేద్యం. ఆ దేశం పేరు ఫిజీ.

అటు పదిహేడు, ఇటు పదిహేడు

ప్రపంచ పటం తెరిచి తెల్లాపూర్‌ మీద వేలు పెడితే, భూమధ్యరేఖకు ఉత్తరాన పదిహేడున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫిజీలోని ప్రధాన దీవులు భూమధ్యరేఖకు దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉన్నాయి. అంటే అద్దంలో ప్రతిబింబంలాంటి చోటు. అందుకే కొబ్బరి, మామిడి, చెరకు, కంది, చేమ అన్నీ అక్కడా పండుతాయి. తేడా అల్లా కాలాలు తిరగబడటమే. మనం స్వెట్టర్లు తీసే డిసెంబరు, జనవరుల్లో వాళ్లకు వేసవి, వానలు, తుపానులు. మనం రోహిణి ఎండలకు మాడిపోయేటప్పుడు వాళ్లకు చల్లటి పొడి కాలం మొదలవుతుంది.

దూరం పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు. గడియారం మనకన్నా ఆరున్నర గంటలు ముందు. 180 డిగ్రీల రేఖాంశం తవెయూని అనే ఫిజీ దీవి మీదుగానే పోతుంది. ఉన్నదున్నట్టు పాటిస్తే ఒకే దీవిలో ఇటు ఆదివారం, అటు శనివారం! అందుకే తేదీ రేఖను పటం మీద పక్కకు వంచి, దేశమంతటికీ ఒకే రోజు చేశారు.

మొత్తం 330కి పైగా దీవులున్నా జనం నివసించేవి సుమారు 110. నేలంతా కలిపితే 18 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇందులో అధికభాగం రెండు దీవులదే. పెద్దది వీటీలెవూ, రెండోది వనువాలెవూ. రెండూ అగ్నిపర్వతాలు కక్కిన రాతితో పుట్టినవే. వీటీలెవూ మధ్యలో కొండల వరుస గోడలా నిలబడి ఉంటుంది. అక్కడే దేశంలోకెల్లా ఎత్తయిన తోమనీవి శిఖరం ఉంది. ఎత్తు 1,324 మీటర్లు. తూర్పు నుంచి వచ్చే తడిగాలిని ఈ కొండలు ఆపేస్తాయి. దాంతో రాజధాని సువా ఉన్న తూర్పు వైపు ఎప్పుడూ ముసురే. నాంది, లౌటోకా, బా పట్టణాలున్న పడమటి వైపు మాత్రం ఎండ. చెరకులో తీపి ఊరాలంటే ఆ ఎండే కావాలి. అందుకే చెరకు పడమట పండింది, చెరకుతో వచ్చిన మనవాళ్లూ పడమటనే ఎక్కువగా స్థిరపడ్డారు.

విమానం దిగే ఊరు నాంది. ఇంగ్లిషులో రాసిన బోర్డును తెలుగువాళ్లెవరైనా చదివితే 'నాది' అనే చదువుతారు. ఫిజీ భాషలో 'డ' ముందు ఒక సున్న పలుకుతుంది కాబట్టి అక్కడివాళ్ల నోట అది 'నాంది'. ఫిజీ తెలుగువాళ్ల చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్యే నడిచిందనొచ్చు. వాళ్ల కొత్త జీవితానికి నాంది ఆ నేలే. కానీ ఆ నేలను 'నాది' అనుకునే వీలు మాత్రం చాలామందికి దొరకలేదు.

దీవుల అసలు వారసులు

మనవాళ్లు వెళ్లడానికి సుమారు మూడు వేల ఏళ్ల ముందే ఈ దీవులకు జనం పడవల్లో వచ్చారు. పసిఫిక్‌ దీవులను భూగోళ పుస్తకాల్లో మూడు ముక్కలుగా చెబుతారు. మెలనేసియా, మైక్రోనేసియా, పాలినేసియా. ఫిజీ మెలనేసియాలోకే వస్తుంది గానీ పాలినేసియా గుమ్మంలో ఉంది. తూర్పున ఉన్న లావ్‌ దీవుల వాళ్లకు పక్కనున్న టోంగా దేశంతో తరతరాల పెళ్లి సంబంధాలు, యుద్ధాలు, వ్యాపారాలు. సువాకు ఉత్తరాన ఆరొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రొటూమా అచ్చంగా పాలినేసియా దీవి. భాష వేరు, ఆచారాలు వేరు. 1881లో దాన్ని బ్రిటిష్‌ వాళ్లు ఫిజీలో కలిపారు.

ఇంకో విచిత్రం కియోవా దీవి. తువాలు అనే చిట్టి పాలినేసియా దేశంలోని వైటుపు దీవివాసులు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక డబ్బు కూడబెట్టి, ఫిజీలోని ఈ దీవిని కొనుక్కుని వచ్చి ఉంటున్నారు. దాని పక్కనే రంబీ దీవిలో బనాబా దీవి ప్రజలున్నారు. ఫాస్ఫేటు కోసం వాళ్ల సొంత దీవిని తవ్వి పాడుచేసిన పాలకులు, 1945లో వాళ్లను తెచ్చి ఇక్కడ దించారు. చిన్న దేశమే అయినా ఎన్ని వలసలను కడుపులో పెట్టుకుందో!

ఫిజీ ఆదివాసులను ఇతౌకేలు అంటారు. నేల సొంతదారులని ఆ మాటకు అర్థం. నేలను వాళ్లు 'వనువా' అంటారు. వనువా అంటే మట్టి ఒక్కటే కాదు. ఆ మట్టి మీద బతికే మనుషులు, పూర్వీకులు, కట్టుబాట్లు అన్నీ కలిపి వనువా. భూమి ఒక మనిషి పేరు మీద ఉండదు, వంశం మొత్తానిది. అమ్మడం, కొనడం ఉండదు.

ఊళ్లోకి ఎవరు వెళ్లినా ముందు పెద్దకు యంగోనా వేరు సమర్పించాలి. దాన్ని దంచి నీళ్లలో పిసికి తీసిన రసమే కావా. కల్లులా మత్తెక్కించదు గానీ నాలుక తిమ్మిరెక్కుతుంది, ఒళ్లు నెమ్మదిస్తుంది. కొబ్బరిచిప్పలో పోసి ఇస్తే ఒకసారి చప్పట్టు కొట్టి, 'బులా' అని, గుక్కలో తాగేయాలి. బులా అంటే నమస్కారం, ఆయుష్షు కూడా. ఇప్పుడు ఈ అలవాటు భారతీయుల ఇళ్లలోనూ పాకింది. సాయంత్రం పొలం పని అయ్యాక చాప పరుచుకుని, మధ్యలో కావా గిన్నె పెట్టుకుని కబుర్లు చెప్పుకోవడం రెండు జాతులవాళ్లకూ ఉన్నదే.

ఎగ్రిమెంటు... గిర్మిట్‌

1874 అక్టోబరు 10న థాకొంబౌ తదితర రాజులు ఫిజీని బ్రిటిష్‌ రాణికి అప్పగించారు. మరుసటి ఏడాదే తట్టువ్యాధి వచ్చి వేలకు వేల మంది ఆదివాసులు రాలిపోయారు. గవర్నరుగా వచ్చిన ఆర్థర్‌ గోర్డన్‌ రెండు నిర్ణయాలు తీసుకున్నాడు. ఒకటి, ఆదివాసుల భూమిని బయటివాళ్లకు అమ్మకూడదు. రెండు, వాళ్లను తోటల్లో కూలికి పెట్టకూడదు. మరి చెరకు ఎవరు పండిస్తారు? అంతకుముందు మారిషస్‌లోనూ ట్రినిడాడ్‌లోనూ పనిచేసిన గోర్డన్‌కు జవాబు తెలుసు. భారతదేశం నుంచి కూలీలు!

1879 మే 14న కలకత్తా నుంచి లియోనిడాస్‌ అనే ఓడ ఫిజీ చేరింది. అక్కణ్నుంచి 1916 దాకా అరవై వేల మందికి పైగా వచ్చారు. మొదట్లో అంతా బీహార్‌, అవధ్‌ ప్రాంతాలవాళ్లే. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలు జనాన్ని ఎక్కించుకోవడం మొదలైంది. అలా వెళ్లినవాళ్లు సుమారు పదిహేను వేలు. ఉత్తర ఆర్కాటు, మద్రాసు, తంజావూరు, మలబారు జిల్లాలతోపాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుంచీ వెళ్లారు. అప్పటికి తెల్లాపూర్‌, పటాన్‌చెరు నిజాం ఏలుబడిలో ఉన్నాయి. వెళ్లిన తెలుగువాళ్లు మద్రాసు రాజధానిలోని జిల్లాలవాళ్లు.

వేలిముద్ర వేసిన కాగితం ఎగ్రిమెంటు. అది నోరు తిరగక గిర్మిట్‌ అయింది. అందులో సంతకం చేసినవాళ్లు గిర్మిటియాలు. అయిదేళ్లు పని చేయాలి. మగవాళ్లకు రోజుకు షిల్లింగు, అంటే అప్పటి లెక్కలో పన్నెండణాలు. ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. మామూలు రోజుల్లో తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు పని. అయిదేళ్లయ్యాక తిరిగి రావాలంటే సొంత ఖర్చు. ఇంకో అయిదేళ్లు అక్కడే ఉంటే ఉచితంగా ఓడ ఎక్కిస్తారు.

కాగితం మీద ఇదంతా సవ్యంగానే కనిపిస్తుంది. అసలు మెలిక ఎక్కడంటే, పని ఎంత చేయాలన్నది దొర చెబుతాడు. కొలిచి ఇచ్చిన చాళ్లన్నీ తవ్వితేనే షిల్లింగు. తవ్వలేకపోతే కూలి కోత. పనికి రాకపోతే కేసు, జరిమానా, జైలు. ఉండటానికి కూలీ లైన్లు. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పున్న గదిలో ముగ్గురు మగవాళ్లు, లేకపోతే ఒక సంసారం. వంట, నిద్ర అన్నీ అందులోనే. పైగా వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లను మాత్రమే తీసుకెళ్లేవారు. కొట్లాటలు, హత్యలు, ఆత్మహత్యలు పెరిగాయి. ఆ బతుకును గిర్మిటియాలే 'నరకం' అన్నారు.

తెలుగు కూలీకి ఇంకో కష్టం భాష. చుట్టూ అవధీ, భోజ్‌పురి మాట్లాడేవాళ్లు. పని చెప్పే సర్దార్లకూ వచ్చింది ఆ భాషే. తెలుగొక్కటే వచ్చినవాడికి పక్కవాడి మాటే అర్థం కాదు. పటాన్‌చెరులో ఇవాళ బీహారు కుర్రాడు నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని నెట్టుకొస్తున్నట్టే, ఆనాడు మన గోదావరి జిల్లావాడు లైన్లలో హిందీ నేర్చుకున్నాడు. తేడా ఏమిటంటే పటాన్‌చెరు కుర్రాడికి ఇంటికి ఫోనుంది, ఛఠ్‌ పండక్కి రైలుంది. ఫిజీవాడికి ఉన్నవి సముద్రం, పదేళ్ల గడువు.

1915లో సి.ఎఫ్‌.ఆండ్రూస్‌, పియర్సన్‌ ఫిజీ వెళ్లి లైన్లలో తిరిగి నివేదిక రాశారు. గాంధీజీ, గోఖలే, మాలవీయ లాంటివాళ్లు గిర్మిట్‌ను రద్దు చేయాలని పట్టుబట్టారు. 1916తో ఓడలు ఆగిపోయాయి. మిగిలిన ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి. కొందరు తిరిగొచ్చారు. సగం మందికి పైగా అక్కడే ఉండిపోయారు.

పదెకరాల కౌలు

కూలీలు లేకుండా పెద్ద తోటలు నడవవు. అప్పటికి ఫిజీ చక్కెర అంతా సిడ్నీకి చెందిన కలోనియల్‌ షుగర్‌ రిఫైనింగ్‌ కంపెనీ చేతిలో ఉండేది. ఆ కంపెనీ తోటలను పదేసి ఎకరాల ముక్కలు చేసి, నిన్నటి కూలీలకే కౌలుకిచ్చింది. పండించేది రైతు. విత్తనం ఏదో, ఎప్పుడు కొట్టాలో, ధర ఎంతో చెప్పేది కంపెనీ. అయినా లైన్లతో పోలిస్తే అది స్వర్గం. సొంత ఇల్లు, రెండెద్దులు, ఓ ఆవు, పెరట్లో మునగ, కరివేపాకు, కంది. ఆ పదెకరాల మీదే పిల్లల చదువులు నడిచాయి.

జూన్‌లో కొట్టుడు మొదలై నవంబరు, డిసెంబరు దాకా సాగుతుంది. చుట్టుపక్కల రైతులంతా ఒక గ్యాంగుగా ఏర్పడి, వంతులవారీగా ఒకరి చేను ఒకరు కొట్టుకుంటారు. చెరకును మిల్లుకు మోయడానికి రెండడుగుల వెడల్పు పట్టాల మీద బుల్లి రైళ్లు. రోడ్డు పక్కన, ఊరి మధ్యలో నుంచి, వంతెనల మీదుగా అవి ఇప్పటికీ తిరుగుతున్నాయి. లౌటోకాను చక్కెర నగరం అంటారు. సీజనులో గాలి కూడా బెల్లప్పాకం వాసన వేస్తుంది.

కానీ భూమి? అది ఇతౌకేలదే. దేశంలో దాదాపు తొంభై శాతం నేల ఆదివాసుల వంశాల సొత్తు. దాన్ని ఎవరికీ అమ్మకూడదు, కౌలుకే ఇవ్వాలి. 1940 నుంచి ఆ కౌళ్ల వ్యవహారం చూసేందుకు ఒక బోర్డు ఉంది. 1976 చట్టంతో రైతులకు ముప్ఫయ్యేళ్ల గడువు దొరికింది. 1997 నుంచి ఆ గడువులు తీరడం మొదలైంది. కొందరికి మళ్లీ ఇచ్చారు. చాలామందికి ఇవ్వలేదు. తాత దున్నిన చేను, నాన్న కట్టిన ఇల్లు వదిలి, రేకులూ తలుపులూ ఊడదీసుకుని సువా శివార్లలో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఎన్నో.

ఇందులో ఎవరిది తప్పు? ఇతౌకేల మాటా కాదనలేనిదే. నేల పోగొట్టుకున్న ఆదివాసుల గతి హవాయిలో ఏమైందో, న్యూజిలాండ్‌లో ఏమైందో వాళ్లకు తెలుసు. పిల్లల జనాభా పెరిగింది, తమ నేల తమకు కావాలన్నారు. మూడు తరాలు చెమటోడ్చిన రైతు ఆవేదనా కాదనలేనిదే. రెండు న్యాయాలు ఒకే చేలో ఎదురుపడితే ఏమవుతుందో ఫిజీ చూసింది.

సంగం పెట్టిన బడి

గిర్మిట్‌ ముగిశాక మనవాళ్లు మొదట కట్టుకున్నవి గుళ్లు, బళ్లు. 1926లో సాధు కుప్పుస్వామి చొరవతో తెన్నిందియ సన్మార్గ ఐక్య సంగం పుట్టింది. దక్షిణాదివాళ్లంతా ఒక్క గొడుగు కిందికి రావాలన్నది ఆశయం. రామకృష్ణ మిషన్‌ నుంచి స్వామీజీలు వచ్చారు. 1939లో వచ్చిన స్వామి రుద్రానంద బళ్లు పెట్టడమే కాదు, చెరకు రైతుల తరఫున కంపెనీతో పోరాడారు కూడా. సంగం బళ్లలో ఇంగ్లిషు, హిందీతోపాటు తమిళం, తెలుగు నేర్పారు. తమిళం నీడలో తెలుగు వెనకబడుతోందని భావించినవాళ్లు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. పొట్ట చేత పట్టుకుని వెళ్లిన కూలీల పిల్లలు, తిండికి నోచుకున్న మరుక్షణం అమ్మభాష గురించి ఆలోచించారన్నమాట!

అయినా తెలుగు నిలవలేదు. బడిలో గంట తెలుగు, మిగతా రోజంతా హిందీ. ఆటలో హిందీ, సంతలో హిందీ, రేడియోలో హిందీ. పెళ్లిళ్లు ఉత్తరాది, దక్షిణాది తేడా లేకుండా జరిగాయి. ఇంట్లో కోడలిది ఒక భాష, అత్తగారిది మరొకటి అయితే మధ్యేమార్గం ఫిజీ హిందీయే. అవధీ, భోజ్‌పురి కలిసి, అందులో ఇంగ్లిషు, ఫిజీ మాటలు చేరి పుట్టిన భాష అది. ఇప్పుడు ఫిజీలో రెడ్డిగారింట్లోనూ నాయుడుగారింట్లోనూ చాలావరకు మాట్లాడేది ఇదే. 2023 ఫిబ్రవరిలో ప్రపంచ హిందీ సమ్మేళనం జరిగింది ఎక్కడనుకున్నారు? నాందిలోనే!

మాట పోయినా మిగిలినవి చాలా ఉన్నాయి. నాంది పట్టణం చివర రంగురంగుల గోపురంతో శివసుబ్రహ్మణ్యస్వామి ఆలయం ఉంది. 1994లో కొత్తగా కట్టి కుంభాభిషేకం చేశారు. సువాలోని మారియమ్మ గుడిలో ఏటా నిప్పులగుండం తొక్కుతారు. పసుపు బట్టలు, వేపాకు, డప్పులు. విశేషమేమిటంటే నిప్పుల మీద నడవడం ఫిజీవాళ్లకూ కొత్త కాదు. బెంగా దీవిలోని ఒక తెగవాళ్లు తరతరాలుగా కాలిన రాళ్ల మీద నడుస్తారు. సముద్రానికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఒకరికి తెలియకుండా ఒకరు పెంచుకున్న ఆచారం, ఇప్పుడు ఒకే దేశంలో పక్కపక్కనే ఉంది.

వంటింట్లోనూ అంతే. చేమదుంపను అక్కడ దాలో అంటారు. కర్రపెండలం, దాలో, కొబ్బరిపాలు ఫిజీవాళ్లవి. పప్పు, కూర, చట్నీ, రొట్టె మనవాళ్లవి. ఇప్పుడు ఎవరింట్లో ఏది వండుతారో చెప్పడం కష్టం. చేమాకులో కొబ్బరిపాలు పోసి భారతీయులు వండుతారు, కోడికూర రొట్టెలో చుట్టుకుని ఇతౌకే పిల్లలు బడికెళ్తారు. ఏటా ఈస్టర్‌ సెలవుల్లో సంగం మహాసభలు, ఫుట్‌బాల్‌ పోటీలు జరుగుతాయి. వలసపోయినవాళ్లు కూడా విమానాలెక్కి వస్తారు. లంబాసాలో సంగం నర్సింగ్‌ కళాశాల నడుస్తోంది. అందులో అన్ని జాతుల పిల్లలూ చదువుకుంటున్నారు.

మే 14... రెండుసార్లు

1970 అక్టోబరు 10న ఫిజీ స్వతంత్ర దేశమైంది. అప్పటికి భారతీయుల సంఖ్య ఆదివాసులకన్నా కాస్త ఎక్కువ. 1987 ఏప్రిల్‌ ఎన్నికల్లో భారతీయులు ఎక్కువగా మద్దతిచ్చిన కూటమి గెలిచింది. ప్రధాని ఆదివాసే. అయినా నేల చేజారిపోతుందన్న భయం రేగింది. ఆ మే 14న సైన్యంలోని సితివేని రంబూకా పార్లమెంటులోకి ఆయుధాలతో వెళ్లి ప్రభుత్వాన్ని కూల్చేశాడు. లియోనిడాస్‌ ఓడ వచ్చి ఆ రోజుకు సరిగ్గా నూట ఎనిమిదేళ్లు!

డాక్టర్లు, టీచర్లు, లెక్కలు రాసేవాళ్లు, ఎవరికి వీలైతే వాళ్లు పెట్టెలు సర్దారు. తర్వాత పదేళ్లకు ఆ రంబూకాయే, ప్రతిపక్ష నేత జైరాం రెడ్డితో కలిసి అందరికీ చోటుండే కొత్త రాజ్యాంగం తెచ్చాడు. 1997లో ఆదివాసి రాజుల మహాసభలో ప్రసంగించిన తొలి భారతీయ నాయకుడు జైరాం రెడ్డి. తర్వాత ఆయన రువాండా మారణకాండను విచారించిన అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జీగా పనిచేశారు. 2022లో కన్నుమూశారు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1999లో మహేంద్ర చౌదరి తొలి భారతీయ ప్రధాని అయ్యారు. సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న, ఆయన్ను పార్లమెంటులోనే బందీ చేశారు. 56 రోజులు నిర్బంధంలో ఉన్నారు. 2006లో మరో సైనిక తిరుగుబాటు. 2013 రాజ్యాంగం వచ్చాక జాతితో నిమిత్తం లేకుండా పౌరులంతా ఫిజియన్లే అన్నారు. ప్రాథమిక పాఠశాలల్లో ఇతౌకే భాష, ఫిజీ హిందీ రెండూ అందరూ నేర్చుకోవాలని అందులోనే రాశారు.

2022 చివర్లో ఎన్నికల తర్వాత రంబూకా మళ్లీ ప్రధాని అయ్యారు. 2023 మే 14న ఒక సభ జరిగింది. 1987లో తాను చేసినదానికి ఆయన క్షమాపణ కోరారు. ఆ రోజుల్లో తిరుగుబాటును సమర్థించిన మెథడిస్టు చర్చి పెద్దలూ క్షమాపణ చెప్పారు. ఆ ఏడాది నుంచే గిర్మిట్‌ దినం జాతీయ సెలవైంది. ముప్ఫయ్యారేళ్ల తర్వాత అడిగిన క్షమాపణ పోయిన ఇళ్లను, పోయిన ఏళ్లను తెచ్చివ్వదు. అయినా గద్దె మీద ఉన్న మనిషి నోటి నుంచి ఆ మాట రావడం కోసం ఎదురుచూస్తూ కన్నుమూసినవాళ్లు ఎందరో.

చక్కెర చేదు, సముద్రం తీపి

ఒకప్పుడు ఫిజీ అంటే చక్కెర. 1990లలో ఏడాదికి 40 లక్షల టన్నుల చెరకు మిల్లులకు చేరేది. ఇటీవలి సంవత్సరాల్లో అది అందులో సగం కూడా ఉండటం లేదు. కౌళ్లు పోవడం ఒక కారణం. యూరప్‌ దేశాలు 1975 నుంచి ఎక్కువ ధరకు కొంటూ వచ్చిన ఏర్పాటు 2009తో ముగియడం మరో కారణం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్‌ తుపాను 44 మందిని బలితీసుకుంది. రాకిరాకిలోని పెనాంగ్‌ మిల్లు దాంతోనే మూతపడింది. దేశంలో మిగిలిన మిల్లులు మూడు.

ఇప్పుడు దేశాన్ని పోషిస్తున్నది పర్యటన. 2024లో సుమారు 9.8 లక్షల మంది విదేశీయులు వచ్చారు. అంటే దేశ జనాభాకన్నా ఎక్కువ! పగడపు దిబ్బలు, నీలి మడుగులు, కొత్తజంటల రిసార్టులు. ఎక్కువమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ వాళ్లు. కరోనా రోజుల్లో విమానాలు ఆగిపోయేసరికి హోటళ్లలో పనిచేసేవాళ్లు ఊళ్లకు వెళ్లి దాలో నాటుకున్నారు, చేపలు పట్టుకున్నారు. పక్కవాళ్లతో సరుకు మార్పిడి చేసుకుని బతికారు. వనువా అంటే ఏమిటో అప్పుడు కొత్త తరానికీ తెలిసింది.

తర్వాతి వరుసలో ఉన్నది బయటివాళ్లు పంపే సొమ్ము. ఏడాదికి వంద కోట్ల ఫిజీ డాలర్లు దాటింది. అందులో ఐక్యరాజ్యసమితి శాంతిసేనలోనూ బ్రిటిష్‌ సైన్యంలోనూ ఉన్న ఇతౌకే యువకుల జీతాలున్నాయి, రగ్బీ ఆటగాళ్ల సంపాదన ఉంది, సిడ్నీలో స్థిరపడిన భారతీయుల డాలర్లూ ఉన్నాయి. సీసాలో పట్టిన నీళ్లు, చేపలు, బంగారం, కావా కూడా ఎగుమతులే. రగ్బీ అంటే ఆ దేశానికి ప్రాణం. 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్‌ జట్టు బంగారు పతకం తెచ్చింది. దేశానికి వచ్చిన తొలి ఒలింపిక్‌ పతకం అదే. ఆ సంబరంలో ఏకంగా ఏడు డాలర్ల నోటు ముద్రించుకున్నారు!

సముద్రం పోషిస్తోంది, అదే సముద్రం బెదిరిస్తోంది. వనువాలెవూలోని వునిడొగొలొవా అనే ఊరిని కెరటాలు తినేస్తుంటే, 2014లో ఊరు ఊరంతా లోపలికి తరలించారు. ఇంకెన్నో ఊళ్లు వరుసలో ఉన్నాయి. 2017లో ప్రపంచ వాతావరణ సదస్సుకు అధ్యక్షత వహించిన ఈ చిన్న దేశం పెద్ద దేశాలను అడిగింది ఒక్కటే. పొగ మీది, మునక మాదా?

మళ్లీ మూటాముల్లె

1986 జనాభా లెక్కల్లో భారతీయులు 48 శాతానికి పైగా ఉన్నారు. 2007 నాటికి 37.5 శాతానికి తగ్గారు. ఇప్పుడు మూడోవంతు మాత్రమే. 1987 తర్వాత లక్ష మందికి పైగా దేశం విడిచారని అంచనా. సిడ్నీ, ఆక్లాండ్‌, వాంకూవర్‌, శాక్రమెంటో... ఎక్కడికెళ్లినా వాళ్లది ఒక చిక్కు ప్రశ్న. మీదే దేశం అని అడిగితే ఫిజీ అనాలా, ఇండియా అనాలా? ఇండియా నుంచి నేరుగా వెళ్లినవాళ్లకు వీళ్ల హిందీ వింతగా ఉంటుంది. ఇండియాలో వీళ్లకు తెలిసిన ఊరు ఉండదు. తాతగారి గిర్మిట్‌ కాగితం మీద జిల్లా, తాలూకా, ఊరి పేరు ఉంటాయి. ఇంగ్లిషు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసిన పేర్లవి. వాటిని పట్టుకుని ఆంధ్ర తీరాన ఊళ్లు వెతుక్కునేవాళ్లకు ఒక్కోసారి దొరుకుతాయి, ఒక్కోసారి దొరకవు.

ఇటు ఫిజీలో చెరకు కొట్టేవాళ్లు కరువయ్యారు. హోటళ్లకు, కట్టడాలకు మనుషులు చాలడం లేదు. బంగ్లాదేశ్‌ నుంచి, ఫిలిప్పీన్స్‌ నుంచి ఒప్పందాల మీద కార్మికులు వస్తున్నారు. గిర్మిటియాల మనవళ్లు యజమానులుగా, మేనేజర్లుగా ఆ ఒప్పందాల మీద సంతకాలు పెడుతున్నారు. వచ్చినవాళ్ల గది ఎలా ఉంది, కూలి చేతికందుతోందా, తిరిగి వెళ్లే దారి తెరిచే ఉందా అన్న మూడు ప్రశ్నలు 1879లో అడిగినవే. సువాలోనైనా, పాశమైలారంలోనైనా అవి ఇంకా అడగాల్సినవే.

భాష సంగతికొస్తే అక్కడి పెద్దల అనుభవం ఒకటే చెబుతుంది. బడి ఒక్కటే భాషను బతికించలేదు. ఆంధ్ర సంగం కట్టిన బళ్లకన్నా వంటింట్లో అమ్మ మాట్లాడే మాటకే బలమెక్కువ. ఆ మాట ఆగిపోయిన తరానికి తెలుగు గుడిలో పాటగా మిగిలింది, తర్వాతి తరానికి ఇంటిపేరుగా మిగిలింది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో మనవణ్ని ఎత్తుకున్న తాతయ్యలు, అమ్మమ్మలు తెలుసుకోవాల్సిన విషయం ఇది. ఫిజీలో అందుకు పట్టింది మూడు తరాలే.

నాంది బజారులో ఓ దుకాణం బోర్డు మీద రెడ్డి అనో నాయుడు అనో కనిపిస్తే మన ఊరివాళ్లెవరో ఎదురైనంత సంబరంగా ఉంటుంది. లోపలికెళ్లి 'బాగున్నారా' అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయనకు అర్థం కాకపోవచ్చు. అయితేనేం, నవ్వుతూ 'బులా' అంటాడు. కుర్చీ జరిపి కూర్చోమంటాడు. ఇండియాలో ఏ ఊరని హిందీలో అడుగుతాడు.